అలిగిన అల్లుడు, జేజమ్మ ఫిరంగి

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. చదివింది అయిదో తరగతి. ఆ తర్వాత నా చేత్తో రాసిందల్లా సరుకుల చీటీలూ, ఊరగాయ జాడీల మీద అతికించే కాయితాలూ. ఈ కథ మా ఇంట్లో పిల్లలకి అన్నం పెడుతూ చెబుతుంటే పక్కింటి పిల్లలు కూడా కంచాలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. "రాసిపెట్టు పిన్నీ, నువ్వు ఊరెళితే మాకు ముద్ద దిగదు" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి. నోటితో చెప్పినట్టే రాస్తాను, ఇంకోలా నాకు రాదు.

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన జేజమ్మల జేజమ్మలు ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల్లో, కంచుగిరి అనే కోటలో కొండమరాజు అనే రాజు ఉండేవాడు. ఆయన మీసం ఎంత పొడుగో కోపం అంత పొడుగు. మనసు మాత్రం వెన్న. కాస్త వేడి తగిలితే కరిగేది. ఆ వేడి తగలడమే కష్టం.

ఆయనకి ఒక కూతురు, ముగ్గురు కొడుకులు. కూతురి పేరు పద్మగంధి. కొడుకుల్లో పెద్దవాణ్ణి పెద్దరాజు అనీ, నడిమివాణ్ణి నడిమిరాజు అనీ, ఆఖరివాణ్ణి చిన్నరాజు అనీ పిలిచేవాళ్ళు. చిన్నరాజుకి అక్కంటే ప్రాణం. పాలు మాన్పించింది అక్క, నడక నేర్పింది అక్క, కొట్లాడితే చెవి మెలిపెట్టింది కూడా అక్కే.

ఏటికి ఆవలి గట్టున ఉక్కుదుర్గం అని ఇంకో కోట ఉంది. దాని రాజు విజయపాలుడు. పద్మగంధిని ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. అయిదు రోజుల పెళ్ళి. నాలుగు రోజులు నవ్వులే నవ్వులు. అయిదో రోజున అలకపాన్పు వేశారు.

అలకపాన్పు అంటే తెలుసుగా? కొత్త అల్లుడు పట్టుపరుపు మీద అటు తిరిగి పడుకుని అలుగుతాడు. మామగారు వచ్చి బతిమాలాలి, ఏదో ఒకటి ఇచ్చి నవ్వించాలి. అది ఉత్తుత్తి అలక. అందరికీ తెలుసు ఉత్తుత్తిదని.

"గుర్రం ఇస్తాను, లే అల్లుడూ" అన్నాడు కొండమరాజు.

"వద్దు."

"ఏనుగు ఇస్తాను, లే అల్లుడూ."

"వద్దు."

"మరేం కావాలయ్యా నాయనా?"

విజయపాలుడు నాలుగు రోజులుగా ఆ ఇంట్లో పాయసం తింటున్నాడు. అదంతా ఒక పెద్ద కంచు గంగాళంలో కాచేవాళ్ళు. పదిమంది పట్టినా లేవదు. అందులో కాస్తే పాయసానికి ఎక్కడలేని రుచి. "ఆ పాయసం గంగాళం ఇప్పించండి మామగారూ" అన్నాడు.

అంతే, రాజు మొహం మాడిపోయింది. అది ఆయన జేజమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న గంగాళం. "ప్రాణమైనా అడుగు, అది అడక్కు!" అన్నాడు.

"ప్రాణంలో పాయసం ఎలా కాస్తారు మామగారూ?" అన్నాడు అల్లుడు.

అందరూ నవ్వారు. రాజు నవ్వలేదు. "తిండిపోతు" అని ఒక మాట జారాడు. అల్లుడు "పిసినారి" అని ఒక మాట జారాడు. మాటా మాటా పెరిగి ఉత్తుత్తి అలక కాస్తా నిజం అలక అయింది. అల్లుడు పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళిపోయి కోట తలుపులు మూసేశాడు. రాజు సైన్యాన్ని తీసుకుని వెళ్ళి ఆ కోటని చుట్టేశాడు.

రెండేళ్ళయింది. ఏనుగులు తలుపుకేసి కుమ్మితే ఏనుగులకే తలనొప్పి వచ్చింది. నిచ్చెనలు వేస్తే నిచ్చెనలు విరిగాయి. కోట మాత్రం పడలేదు.

కానీ ప్రతి శుక్రవారం పొద్దున్నే ఒకటి జరిగేది. పద్మగంధి తలంటుకుని బురుజు ఎక్కి, చేతులు నోటికి అడ్డంపెట్టి అరిచేది.

"తమ్ముడూ! అన్నం తిన్నావా?"

ఇవతల గట్టునుంచి చిన్నరాజు అరిచేవాడు. "తిన్నానక్కా! నువ్వో?"

ఇరువైపులా కాపలావాళ్ళు ఏమీ విననట్టు ఆకాశం కేసి చూసేవాళ్ళు. ఒక శుక్రవారం ఆవిడ చేతుల్లో ఒక మూట ఉంది. "ఇడుగో, నీ మేనల్లుడు! అచ్చం నీ ముక్కే!" అంది. అంత దూరంనుంచి ముక్కు ఏం కనిపిస్తుంది? అయినా చిన్నరాజు ఆ రోజంతా తన ముక్కు తడుముకుంటూ తిరిగాడు.

ఇది ఇలా ఉండగా, ధూమకేశుడు అనే మాంత్రికుడు వచ్చాడు. వాడి జుట్టులోంచి ఎప్పుడూ సన్నగా పొగ వచ్చేది. ఎక్కడ దెబ్బలాట జరిగితే అక్కడికి, బెల్లానికి చీమ వచ్చినట్టు వచ్చేవాడు.

"రాజా, గోడ పగలకపోతే గోడ మీంచి వెయ్యాలి" అన్నాడు. "మీ ఇంట్లో రోలు చూశావుగా? పొట్టిగా, లావుగా, నోరు పైకి పెట్టుకుని ఉంటుంది. అలాంటి ఫిరంగి పోస్తాను. గుండు ఆకాశానికి ఎగిరి కోట నడిమధ్యన పడుతుంది. ఊళ్ళో ఉన్న కంచూ ఇత్తడీ ఇప్పించు."

ఇంకేం, దండోరా వేయించారు. మొదటిసారి గంటలూ దీపపు సెమ్మెలూ పట్టుకుపోయారు. కంచరి ఓబులాచారి కొలిమి పెట్టి ఏనుగంత ఫిరంగి పోశాడు. దానికి పిల్ల ఫిరంగి అని పేరు. మందు దట్టించి, రాతిగుండు వేసి, వత్తి అంటించారు. గుండు కోటదాకా పోనేలేదు, ఇవతలే బీడులో పడింది. పెద్ద గొయ్యి అయింది. వానకి నిండింది. ఒక ముసలి గేదె వచ్చి అందులో పడుకుంది. భటులు దాన్ని కర్రలతో అదిలిస్తుంటే చిన్నరాజు ఆపాడు.

"పోనీండిరా. మన ఫిరంగి వల్ల బాగుపడింది అదొక్కటే."

రెండోసారి కంచాలూ చెంబులూ పట్టుకుపోయారు. ఊరంతా ఆకుల్లో తినడం మొదలుపెట్టారు. మూడు ఏనుగులంత ఫిరంగి పోశారు. దానికి తల్లి ఫిరంగి అని పేరు. ఈసారి గుండు కోట మీదనుంచి ఎగిరి, కోట దాటి అవతల అడవిలో ఎండు చెట్టు మీద పడింది. ఆ చెట్టు ఒక వడ్రంగిపిట్టది. మర్నాడు పొద్దున్నే అది వచ్చి చిన్నరాజు గుడారం మీద వాలింది.

"ఇల్లు కూల్చింది మీరేనా?"

"మేమే. తప్పయిపోయింది" అన్నాడు చిన్నరాజు. తన గుడారం నడిమి గుంజ చూపించి, "ఇందులో తొలుచుకో" అన్నాడు. అది తొలుచుకుంది. గుడారం వంకరపోయింది. చిన్నరాజు వంకర గుడారంలోనే ఉన్నాడు.

మూడోసారి మాంత్రికుడు అన్నాడు, "రాజా, చిన్నది తక్కువైంది, పెద్దది ఎక్కువైంది. గురి నాకు తెలిసింది. ఇంక బ్రహ్మాండమైనది పోస్తాను. ఈసారి ఏదీ మిగల్చొద్దు. బిందెలు, గుండిగలు, గరిటెలు, ఆఖరికి కత్తులూ బల్లేలూ కూడా."

"కత్తులు ఇనుపవి కదా?" అన్నాడు రాజు.

"నా మంత్రానికి ఇనుమైనా కరుగుతుంది. ఇంత ఫిరంగి ఉండగా కత్తులెందుకు మహారాజా?"

రాజుకి నిజమే అనిపించింది. అన్నీ ఇచ్చేశాడు. జేజమ్మ గంగాళం కూడా ఇచ్చేశాడు. ఏ గంగాళం కోసం యుద్ధం మొదలైందో ఆ గంగాళమే కరిగిపోతే ఇంక యుద్ధం దేనికి? ఎవరైనా అడగాలిగా. ఎవరూ అడగలేదు. ఒక్క మౌనాంబ అడిగింది.

మౌనాంబ ఓబులాచారి కూతురు. కొలిమి దగ్గర తిత్తి ఊదేది. పేరు మౌనాంబే గానీ నోరు గుడిగంట.

"మహారాజా, గంగాళం పోయాక ఎవరి మీద కోపం? అదట్లా ఉంచండి. ఒక్కో ఇంటి కంచు ఒక్కో పాకం. ఇన్ని పాకాలు కలిపి ఇంత లావు పోత పోస్తే పైన చల్లారుతుంది, లోపల చల్లారదు. నెర్రె విచ్చుకుంటుంది. నెర్రె ఉన్న ఫిరంగి ముందుకి పేలదు, వెనక్కి పేలుతుంది."

మాంత్రికుడి జుట్టు గుప్పున పొగలు కక్కింది. "ఏడు సముద్రాల అవతల నల్లమట్టి ఉంది. దానితో మూస కడితే నెర్రె రాదు. కానీ రాజకుమారులే తేవాలి" అన్నాడు. ముగ్గురు కొడుకులూ ఊళ్ళో లేకపోతే వాడికి మంచిదిగా మరి!

పెద్దరాజు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమిరాజు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నరాజు తండ్రి ముందు నిలబడ్డాడు.

"నేను వెళతాను నాన్నగారూ. కానీ నేను మట్టి తెచ్చేదాకా పోత పొయ్యకూడదు. మాటివ్వండి."

రాజు మాటిచ్చాడు. చిన్నరాజు లెక్క ఏమిటంటే, తను ఎంత ఆలస్యం చేస్తే అక్క అన్ని రోజులు క్షేమంగా ఉంటుందని.

ఊరి చివర మౌనాంబ ఎదురొచ్చింది. "చిన్నరాజా, మీరు వచ్చేలోగా వాళ్ళు పోత పోసేస్తారు. రాసిపెట్టుకోండి. వచ్చీరాగానే దాన్ని వేలి గణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే నెర్రె."

"నువ్వే తట్టొచ్చుగా?"

"పూజ చేసి పసుపూ కుంకుమా పెట్టాక నన్ను ముట్టుకోనిస్తారా? చెంబు కొనేటప్పుడు ప్రతి ఆడదీ తట్టి చూస్తుంది. ఇంత ఫిరంగిని తట్టి చూడాలని ఒక్క మగాడికీ తోచదు. మీరు రాజుగారి కొడుకు, తట్టినా తిట్టి ఊరుకుంటారు."

"తిట్లు తినడానికి నేనా?"

"మరి నేను తిననా? నేనూ రోజూ తింటున్నాగా!" అంది మౌనాంబ. అన్నాక కళ్ళు తుడుచుకుంది. తిత్తి పొగ అని చెప్పింది. అక్కడ తిత్తీ లేదు, పొగా లేదు.

చిన్నరాజు బీడు దాటుతుంటే గోతిలోంచి గేదె లేచింది. "ఎక్కు నా వీపు మీద. నాకు పడక ఇప్పించినవాడివి, నిన్ను నడిపిస్తానా?" అంది. వడ్రంగిపిట్ట వచ్చి దాని కొమ్ము మీద వాలింది. ముగ్గురూ బయలుదేరారు.

మొదటిది ఉప్పు సముద్రం. గేదె మొహం చిట్లించుకుని ఈదింది. రెండోది చెరుకురసం సముద్రం. దాని ఒడ్డున పెద్దరాజు పొట్ట తడుముకుంటూ పడుకుని ఉన్నాడు. "ఇంకొక్క గుక్క తాగి వస్తాను తమ్ముడూ, నువ్వు నడుస్తూ ఉండు" అన్నాడు. మూడోది కల్లు సముద్రం. గేదె రెండు గుక్కలు మింగి నడిసముద్రంలో పాట ఎత్తుకుంది. ఆ గొంతుకి అలలు కూడా పక్కకి తప్పుకున్నాయి, అందుకని తొందరగా దాటేశారు. నాలుగోది నేతి సముద్రం. దాని ఒడ్డున నడిమిరాజు వేడి అన్నం వార్చుకుని కూర్చున్నాడు. "కందిపొడి దొరికితే వస్తాను తమ్ముడూ" అన్నాడు.

"మీ అన్నలు యుద్ధానికి పుట్టారా, విందుకి పుట్టారా?" అంది గేదె.

అయిదోది పెరుగు సముద్రం. ఈదడం కాదు, తవ్వుకుంటూ పోయారు. ఆరోది పాల సముద్రం. "పుట్టింటికొచ్చినట్టుంది" అని గేదె మురిసిపోయింది. ఏడోది మంచినీళ్ళ సముద్రం. ఇన్ని దాటాక ఆ నీళ్ళు తాగితే అన్నిటికంటే అవే రుచిగా ఉన్నాయి.

అవతల ఒడ్డున నల్లమట్టి నేల. ఆ నేల మీద నూరు చెట్లు, అన్నీ ఒక్క పోలికే. చిన్నరాజు మట్టి మూట కట్టుకుంటుంటే ఎక్కడినుంచో మాంత్రికుడి గొంతు వినిపించింది.

"గుమ్మడికాయంత తల, గురివిందగింజంత తెలివి! మంచి రాజు దొరికాడు నాకు!"

చిన్నరాజు ఉలిక్కిపడ్డాడు. "పిట్టా, వాడు ఇక్కడున్నాడా?"

"మనిషి వాసన లేదు. ఏదో చెట్టు తొర్రలోంచి వస్తోంది. ఉండు, తట్టి చూస్తా" అని వడ్రంగిపిట్ట ఒక్కో చెట్టునీ టకటక తట్టింది. మొదటి చెట్టు గట్టిగా పలికింది. రెండోదీ గట్టిగా పలికింది. అలా తొంభై తొమ్మిది గట్టిగా పలికాయి. నూరో చెట్టు డొల్లగా పలికింది. తొలిచి చూస్తే లోపల రాగి పంజరం, పంజరంలో ఒక చిలక.

చిలక నోరు తెరిచి మళ్ళీ మాంత్రికుడి గొంతుతో అంది. "మట్టి లేదు, గిట్టి లేదు, పోత పోసేశా. ఇవాళ్టికి ఎనిమిదో రోజు మధ్యాహ్నం ముహూర్తం. అల్లుడి కోట పడిందా, సరే. పడకపోయినా సరే. కత్తులన్నీ కరిగిపోయాయి, ఈ ముసలాడు నన్ను దేంతో కొడతాడు? తెడ్డుతోనా? రెండు కోటలూ నావే!"

అని ఆగి, తన చిన్న గొంతుతో చెప్పింది. "నేను కాదు బాబూ. వాడి ప్రాణం నాలో పెట్టాడు. వాడు మనసులో ఏమనుకుంటే అది నా నోట్లోంచి వస్తుంది. నా మాట నేను ఆడుకుని ఎన్నేళ్ళయిందో. నన్ను చంపుతావా?"

చిన్నరాజు చెయ్యి పంజరం దాకా వెళ్ళింది. మెడ నులిమితే అక్కడ వాడు పడిపోతాడు. అక్క బతుకుతుంది. చిలక కళ్ళు మూసుకుని వణుకుతోంది.

"నువ్వేం చేశావు, నిన్ను చంపడానికి?" అన్నాడు చిన్నరాజు. తన మూటలోంచి ఒక జాంపండు తీసి పెట్టాడు. చిలక గబగబా తింది. అదే సమయంలో, ఏడు సముద్రాల ఇవతల, కొండమరాజు సభలో ధూమకేశుడు బ్రేవ్‌మని తేన్చాడు. సభంతా జాంపండు వాసన. "నేనేం తిన్నానబ్బా" అనుకున్నాడు వాడు.

వెళ్ళేటప్పుడు ఏడు నెలలు పట్టింది. వచ్చేటప్పుడు గేదె పాల సముద్రంలో కడుపునిండా తాగి ఎక్కడా ఆగకుండా ఈదింది. సరిగ్గా ఏడు రోజుల్లో ఇంటి ఒడ్డుకి చేరారు. దారిలో అన్నలిద్దర్నీ తోకకి కట్టుకుని మరీ లాక్కొచ్చింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం. ఏటి గట్టున మూడో ఫిరంగి నిలబడి ఉంది. దానికి జేజమ్మ ఫిరంగి అని పేరు. దాని ముందు ఏనుగులు ఎలకల్లా ఉన్నాయి. నోట్లో ఒక పల్లెటూరు పడుతుంది. నిలువునా పసుపు, బొట్లు, బంతిపూల దండలు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు తమ బిందె ఎక్కడుందో, తమ కంచం ఎక్కడుందో అని ఆ ఇత్తడి కొండ కేసి దిగులుగా చూస్తున్నారు. మాంత్రికుడు కాగడా పట్టుకున్నాడు. అవతల బురుజు మీద పద్మగంధి బిడ్డని ఎత్తుకుని నిలబడింది. ఆ రోజు శుక్రవారం.

"ఆగండి!" అని చిన్నరాజు గేదె మీద దూసుకొచ్చాడు. చంకలో గుడ్డ కప్పిన పంజరం. "నాన్నగారూ, నేను వచ్చేదాకా పొయ్యనని మాటిచ్చారు!"

రాజు తల దించుకున్నాడు. "ముహూర్తం మించిపోతుందన్నాడురా నాయనా."

చిన్నరాజు తిన్నగా ఫిరంగి దగ్గరికి వెళ్ళాడు. వేలు మడిచాడు.

"అపచారం! పూజ చేసినదాన్ని తట్టకూడదు!" అని మాంత్రికుడు అరిచాడు.

చిన్నరాజు తట్టాడు.

బొద్దుమంది.

మగవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. ఆడవాళ్ళు మాత్రం అందరూ ఒక్కసారి "అయ్యో!" అన్నారు. వంటింట్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ చప్పుడు తెలియదా?

"నెర్రె! నెర్రె విచ్చింది!" అంది మౌనాంబ. "ఇది పేలితే ఆ కోట మీద కాదు, మన నెత్తినే!"

"కాదు కాదు మహారాజా. మందం ఎక్కువ కాబట్టి అలా పలికింది. మీ మీద ఒట్టు, నేను మీ మేలు కోరేవాణ్ణి" అన్నాడు మాంత్రికుడు తేనె కారుతున్నట్టు.

గుడ్డ కిందనుంచి అదే గొంతు పలికింది. "చచ్చానే! వీడు తట్టేశాడే! నెర్రె ఉందని చల్లారిన రోజే నాకు తెలుసు. పేలితే ఈ మంద అంతా పోతుందని ఎంత ఆశపడ్డాను!"

రాజు మాంత్రికుడి కేసి చూశాడు. "ఏమన్నావ్?"

"నేనేమీ అనలేదు మహారాజా."

"గుమ్మడికాయ తలా, చెవులు కూడా ఉన్నాయా నీకు?" అంది గుడ్డ కింద గొంతు.

జనం గొల్లుమన్నారు. రాజు మీసం లేచి నిలబడింది. కత్తి కోసం నడుము తడుముకున్నాడు. కత్తి లేదు. సైన్యం నడుములు తడుముకుంది. ఒక్క కత్తీ లేదు.

మాంత్రికుడు వికటంగా నవ్వి కాగడా వత్తి దగ్గరికి తెచ్చాడు. "అవును, అన్నాను! ఎవడు అడుగు ముందుకు వేసినా అంటిస్తా. మీరంతా ముక్కలవుతారు. నాకేం కాదు."

"నాకెందుకవుతుంది? నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో భద్రంగా ఉందిగా!" అని గుడ్డ కింద చిలక పూర్తిచేసింది.

ఆ మాట వినగానే మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. చిన్నరాజు గుడ్డ లాగేశాడు. ఒక్క గెంతులో గేదె వీపెక్కాడు, వీపు మీంచి కొమ్మెక్కాడు, కొమ్ము మీంచి పూలదండ పట్టుకుని ఫిరంగి అంచు మీదికెక్కాడు. పంజరాన్ని దండకి కట్టి ఫిరంగి నోట్లోకి దింపాడు.

"ఇంక అంటించు" అన్నాడు.

ఫిరంగి లోపలినుంచి చిలక గొంతు గుయ్యిమని మోగుతూ వచ్చింది. "వద్దురా బాబోయ్... వద్దు... కాగడా పారెయ్... తొందరగా పారెయ్..."

మాంత్రికుడు కాగడా తీసుకెళ్ళి ఏట్లో పారేశాడు. వాడి జుట్టులో పొగ ఆగిపోయింది. వాడు వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు.

అప్పుడు అవతల బురుజు మీంచి ఒక కేక వినిపించింది.

"తమ్ముడూ! అన్నం తిన్నావా?"

చిన్నరాజు ఫిరంగి అంచు మీద నిలబడి అరిచాడు. "లేదక్కా! మీ ఇంటికొస్తే పెడతావా?"

కొండమరాజు మనసుకి ఆ వేడి ఇప్పటికి తగిలింది. చెప్పులు విడిచి, ఏరు దాటి, కోట తలుపు ముందు నిలబడ్డాడు. "అల్లుడూ, మూడేళ్ళయింది, ఇంక ఇటు తిరుగు. గంగాళం మళ్ళీ పోయించి ఇస్తాను" అన్నాడు.

విజయపాలుడు తలుపు తీశాడు. మొహం ఇంకా పక్కకే ఉంది. "నాకు గంగాళం వద్దు మామగారూ. తిండిపోతు అన్నారుగా, ఆ మాట వెనక్కి తీసుకోండి చాలు."

"తీసుకున్నాను. మరి నన్ను పిసినారి అన్నావే?"

"తీసుకున్నాను."

"మూడేళ్ళనుంచీ ఈ రెండు మాటలకేనా నేను బురుజులెక్కి గొంతు పోగొట్టుకుంది?" అని పద్మగంధి ఇద్దర్నీ కడిగేసింది. బిడ్డని తెచ్చి తాత చేతుల్లో పెట్టింది. వాడు మీసం పట్టుకుని లాగాడు. నిజంగానే చిన్నరాజు ముక్కే.

మరి జేజమ్మ ఫిరంగి ఏమైందంటారా? మౌనాంబా ఓబులాచారీ దాన్ని కింద నుంచి పై దాకా తట్టి చూశారు. నెర్రె అడుగు సగంలోనే ఉంది. ఆ సగం కోసి కరిగించి ఎవరి బిందె వాళ్ళకి, ఎవరి కంచం వాళ్ళకి పోసిచ్చారు. నోటి వైపు సగాన్ని కూడా కరిగించి, చిన్నరాజు తెచ్చిన నల్లమట్టితో మూస కట్టి, గంగాళం పోశారు. నెర్రె రాలేదు. తడితే ఖంగుమని ఏడూళ్ళు వినిపించింది.

కానీ ఒక్కటి మరిచిపోయారు. అది కంచుగిరి గుమ్మంలోంచి లోపలికి పట్టలేదు. ఉక్కుదుర్గం గుమ్మంలోంచీ పట్టలేదు. అందుకని రెండు కోటల మధ్య ఏటి గట్టునే ఉండిపోయింది. ఎవరిది అంటే ఇద్దరిదీ. ఆకలేసినవాళ్ళందరిదీ.

చిన్నరాజుకీ మౌనాంబకీ పెళ్ళి ఆ గట్టు మీదే జరిగింది. మొదటి పాయసం ఆ గంగాళంలోనే కాచారు. అయిదో రోజున అలకపాన్పు వేస్తే ఊరంతా గుండె చేత్తో పట్టుకుని నిలబడింది. చిన్నరాజు అటు తిరిగి పడుకున్నాడు. ఓబులాచారి చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"నా దగ్గర కొలిమీ తిత్తీ తప్ప ఏమీ లేవు అల్లుడుగారూ. ఏం కావాలో అడగండి."

చిన్నరాజు ఇటు తిరిగాడు. "ఇంకో గరిటెడు పాయసం మామగారూ."

"అంతేనా?" అంది మౌనాంబ చాటునుంచి. "నేను కొలిమి అడుగుతారేమోనని దాచిపెట్టి వచ్చాను!"

ఆ నవ్వు ఏడో సముద్రం దాకా వినిపించిందట. చిన్నరాజూ మౌనాంబా చాలా ఏళ్ళు రాజ్యం చేశారు, ఒక్క ఫిరంగీ పొయ్యకుండా. అన్నలిద్దరూ వంటల అజమాయిషీ చూశారు. గేదెకి గొయ్యి, పిట్టకి గుంజ శాశ్వతంగా రాసిచ్చారు. చిలకని పంజరంలోంచి వదిలేస్తే జామచెట్టు ఎక్కి కూర్చుంది. ధూమకేశుడు మాత్రం రోజూ ఆ గంగాళంలోకి దిగి చింతపండూ బూడిదా పెట్టి తోమాలి. తోమీ తోమీ వాడికి ఇంకో ఆలోచన రావడం మానేసింది. అందుకని చిలక ఎప్పుడైనా "ఈ మూల ఇంకా జిడ్డు పోలేదు" అనేది, మిగతా పొద్దంతా హాయిగా తన మాటలు తను ఆడుకునేది.

వాళ్ళు పాయసం తిన్నారు, మనం కథ తిన్నాం. చేతులు కడుక్కోండి.

ఇది రాయడం పూర్తయిన మర్నాడు పొద్దున్నే నేను అటకెక్కి, మా అమ్మ నాకిచ్చిన గుండిగ దించాను. ఎన్నేళ్ళయిందో వాడి. చింతపండు నానేసి, బూడిద వేసి తోమాను. తోమి, ఎవరూ చూడకుండా వేలితో తట్టాను. ఖంగుమంది. పక్కింటి పిల్లలకి కూడా సరిపడా పాయసం పెట్టాను.